తొమ్మిది గొప్పతనం పది వేళ్ళ చలవ

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పత్రిక పిల్లల పేజీలో తొమ్మిది గురించి వచ్చిన వ్యాసాన్ని ఏడో తరగతి చదివే మా మనవరాలు నాకు పైకి చదివి వినిపించింది. తొమ్మిదో ఎక్కంలో ఏ సంఖ్య తీసుకుని అంకెలు కూడుకుంటూ పోయినా చివరికి తొమ్మిదే మిగులుతుందని రాశారు. నిజమే. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్ఫై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, ఈ లెక్క ఎన్ని వందల మంది పిల్లల చేత బోర్డు మీద చేయించానో. కానీ ఆ వెంటనే, ఈ గుణం తొమ్మిదికి పుట్టుకతోనే ఉందనీ, మరే అంకెకూ రాదనీ, అందుకే అది మహిమ గల సంఖ్య అనీ రాశారు. పొరపాటు అక్కడ జరిగింది. దాన్ని సరిచేస్తూ ఒక మాట వేయమని అడగడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. పిల్లల చదువుకు సంబంధించిన సంగతి కాబట్టి చివరిదాకా చదవమని కోరుతున్నాను.

పాప చదవడం ఆపి "అమ్మమ్మా, తొమ్మిదికే ఎందుకు?" అంది. క్లాసులో ఇలాంటి ప్రశ్న ఏడాదికి ఒక్కటి వచ్చినా ఆ రోజు నాకు పండగలా ఉండేది. వామనగుంటల కోసం దాచిన చింతపిక్కల డబ్బా తెచ్చి చాప మీద ఒలకబోశాను. ముప్ఫై ఐదు పిక్కలు లెక్కపెట్టి పక్కకు తీయమన్నాను. "మామూలుగా అయితే పదేసి చొప్పున మూడు కుప్పలు పెడతాం, ఐదు విడిగా మిగులుతాయి, 35 అని రాస్తాం. ఇప్పుడు మన ఒక్కో చేతికి నాలుగే వేళ్ళు ఉన్నాయనుకో తల్లీ. అప్పుడు పదేసి కాదు, ఎనిమిదేసి కుప్పలు పెట్టేవాళ్ళం. అలా పెట్టి చూడు" అన్నాను. నాలుగు కుప్పలయ్యాయి, మూడు పిక్కలు మిగిలాయి. నాలుగూ మూడూ పక్కపక్కన రాయించాను: 43. "ఇది నలభై మూడు కాదు. నాలుగు ఎనిమిదులు, పైన మూడు" అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. చాప మీద పిక్కలు అవే ముప్ఫై ఐదు. కాగితం మీద రాత ఒక్కటే మారింది.

తర్వాత ఏడో ఎక్కం మొత్తం అలాగే పెట్టించాను. ఏడు పిక్కలకు కుప్పే పడదు, కాబట్టి 7. పద్నాలుగుకు ఒక కుప్ప, ఆరు విడి, అంటే 16. ఇరవై ఒకటికి రెండు కుప్పలు, ఐదు విడి, 25. అలా ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోతే 7, 16, 25, 34, 43, 52, 61, 70 వచ్చాయి. పాప పెన్సిలు కింద పెట్టి ఆ వరుస మీద పైనుంచి కిందికి వేలు జరుపుతూ చూసింది. ముందు అంకె ఒక్కొక్కటే ఎక్కుతోంది, వెనక అంకె ఒక్కొక్కటే దిగుతోంది. ఎక్కడ కూడినా ఏడే. "అమ్మమ్మా, ఇది తొమ్మిదో ఎక్కంలాగే ఉంది!" అని అరిచింది. అరవై మూడు పిక్కలు పెడితే ఏడు కుప్పలు, ఏడు విడి, 77. కూడితే పద్నాలుగు. పద్నాలుగును మళ్ళీ ఎనిమిదేసి కుప్పల్లో రాస్తే 16. ఒకటీ ఆరూ ఏడు.

కారణం కూడా పిక్కల్లోనే కనిపిస్తుంది. పది పిక్కల కుప్పలోంచి తొమ్మిది తీసేస్తే ఒకటి మిగులుతుంది. ఎన్ని కుప్పలుంటే అన్ని పిక్కలు మిగులుతాయి. వాటికి విడి పిక్కలు కలిపితే వచ్చేదే అంకెల మొత్తం. వంద పిక్కల కుప్ప అయినా అంతే, తొంభై తొమ్మిది పోను ఒకటి. కాబట్టి అంకెల మొత్తం తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే అసలు సంఖ్య కూడా భాగింపబడుతుంది. ఎనిమిదేసి కుప్పలు పెడితే ఈ పని ఏడు చేస్తుంది, పన్నెండేసి పెడితే పదకొండు చేస్తుంది, పదహారేసి పెడితే పదిహేను చేస్తుంది. కుప్ప ఎంతదైనా సరే, దానికన్నా ఒకటి తక్కువైన సంఖ్యకు ఈ గుణం వస్తుంది. తొమ్మిదికి అది పది పక్కన ఉండటం వల్ల వచ్చింది. పదికి ఆ పెద్దరికం మన వేళ్ళ వల్ల వచ్చింది.

ఇంత చిన్న విషయానికి పత్రికకు ఉత్తరం రాయాలా అని మీకు అనిపించవచ్చు. మా బంధువుల్లో ఒక అబ్బాయి కొత్త బండి కొన్నాడు. నంబరు 4517. అంకెలు కూడితే పదిహేడు, మళ్ళీ కూడితే ఎనిమిది. ఎనిమిది శని అంకె అని ఎవరో చెప్పారు. ఆ బండి ఎక్కిన ప్రతిసారీ అతనికి టెన్షన్, ఇంటికి తిరిగొచ్చేదాకా తల్లికి టెన్షన్. మూడు నెలలకే నష్టానికి అమ్మేసి, కూడితే తొమ్మిది వచ్చే నంబరు కోసం అదనంగా డబ్బు కట్టి ఇంకో బండి కొన్నాడు. అదే 4517ను ఎనిమిదేసి కుప్పల్లో, ఎనిమిది కుప్పలు కలిస్తే ఒక పెద్ద కుప్ప, అలాంటివి ఎనిమిదైతే ఇంకా పెద్దది, అలా పెట్టుకుంటూ పోయి రాస్తే 10645 అవుతుంది. అంకెలు కూడితే పదహారు. ఆ రాతలో పదహారంటే రెండు ఎనిమిదులు, 20. కూడితే రెండు. వాళ్ళ సంఖ్యాశాస్త్రం ప్రకారమే రెండు చంద్రుడిది. బండి అదే, సంఖ్య అదే, కుప్ప మార్చగానే శని పోయి చంద్రుడు వచ్చాడు. ఈ లెక్క ఆ అబ్బాయికి బండి అమ్మకముందే చూపించలేకపోయానే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

సంఖ్యకు సొంతంగా ఉండే గుణాలు వేరు, దాన్ని రాసే పద్ధతి వల్ల వచ్చే గుణాలు వేరు. ఈ తేడా పిల్లలకు చిన్నప్పుడే తెలియాలి. రామానుజన్ వల్ల అందరికీ తెలిసిన 1729నే తీసుకోండి. ఆసుపత్రిలో ఉన్న ఆయన్ను చూడటానికి ఇంగ్లండు గణితవేత్త హార్డీ ఎక్కి వచ్చిన టాక్సీ నంబరు అది. రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగిన సంఖ్యల్లో అదే చిన్నదని రామానుజన్ చెప్పారు: పన్నెండు ఘనం, ఒకటి ఘనం ఒక జత. పది ఘనం, తొమ్మిది ఘనం ఇంకో జత. ఇది 1729 సొంత గుణం. మీరు దాన్ని తెలుగు అంకెల్లో రాసినా, రోమన్ అంకెల్లో రాసినా, పిక్కలు పోసి చూపించినా ఆ గుణం ఎక్కడికీ పోదు. అదే సంఖ్యకు ఇంకో అందం ఉంది. అంకెలు కూడితే 19, దాన్ని తిరగేస్తే 91, ఆ రెండూ గుణిస్తే సరిగ్గా 1729. చూడటానికి ఎంతో బాగుంటుంది, కానీ ఇది పదేసి కుప్పల్లో రాయడం వల్ల వచ్చింది. పన్నెండేసి కుప్పల్లో రాస్తే 1729 కాస్తా 1001 అవుతుంది. అప్పుడు అంకెల మొత్తం రెండు, సంఖ్యేమో బేసి సంఖ్య, రెండుతో పోదు. ఈ అందం పోయింది కానీ ఇంకోటి బయటపడింది. 1001 అన్న ఆ రాతలోనే పన్నెండు ఘనం, ఒకటి ఘనం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తున్నాయి.

అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగింపబడే ఇలాంటి సంఖ్యలకు హర్షద సంఖ్యలని పేరు పెట్టింది దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. నాసిక్ దగ్గర దేవలాలీలో బడిపంతులు. ఆయన 1905లో పుట్టి 1986లో పోయారు. పెద్ద డిగ్రీలు లేకపోయినా జీవితమంతా అంకెలతోనే గడిపారు. నేనూ బడిపంతులమ్మనే కాబట్టి ఆయన పేరు తలుచుకున్నప్పుడల్లా గుండె నిండుతుంది. ఆయన కనిపెట్టిన 6174 గురించి మీ పత్రికలో ఎప్పుడో ఒకసారి వేయండి. నాలుగంకెల సంఖ్య ఏదైనా తీసుకోండి, నాలుగూ ఒకటే అంకె కాకపోతే చాలు. మన దేశంలో నయాపైసలు వచ్చిన సంవత్సరం 1957నే తీసుకుందాం. అంకెలను పెద్దది ముందుండేలా పేర్చి, అందులోంచి చిన్నది ముందుండేలా పేర్చిన సంఖ్యను తీసేయాలి. 9751లోంచి 1579 పోతే 8172. దానితోనూ అలాగే చేస్తే 7443, తర్వాత 3996, తర్వాత 6264, తర్వాత 4176, తర్వాత 6174. అక్కడి నుంచి ఎన్నిసార్లు చేసినా 6174 దగ్గరే ఉంటుంది. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు తీసివేతలు దాటకుండా అక్కడికే చేరతాం.

నేను సర్వీసులో ఉన్నప్పుడు దీన్ని నాలుగేసి కుప్పల్లో చేసి చూశాను. అందులో వాడే అంకెలు 0, 1, 2, 3 మాత్రమే, తీసివేతలో అప్పు తెచ్చుకుంటే వచ్చేది పది కాదు, నాలుగు. 3210లోంచి 0123 తీసేస్తే 3021, మళ్ళీ అవే నాలుగు అంకెలు. అంటే 6174లాంటిది అక్కడా ఒకటుంది. కానీ అన్ని సంఖ్యలూ దాని దగ్గరికి రావు. 2022తో మొదలుపెడితే 1332 వస్తుంది, 1332తో చేస్తే తిరిగి 2022 వస్తుంది, ఆ రెంటి మధ్యే తిరుగుతూ ఉంటుంది. ఆ సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో ఒక్కదాన్నే కూర్చుని ఈ తీసివేతలు చేసుకోవడం నాకు బాగా గుర్తు. 6174 పదేసి కుప్పల ఇంటి బిడ్డ అని అప్పుడు అర్థమైంది. దానివల్ల కాప్రేకర్ గారి మీద గౌరవం పెరిగిందే కానీ తగ్గలేదు.

ఇలాంటివన్నీ పరాయి దేశం నుంచో, కంప్యూటర్ల నుంచో వచ్చాయనుకోవద్దు. మన ఇళ్ళలోనే ఉండేవి. మా పుట్టింట్లో ధాన్యం కొలతలు ఇలా చెప్పేవాళ్ళు: రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, రెండు కుంచాలు ఇరస, రెండు ఇరసలు తూము. ఊరూరికీ కొలతల్లో తేడాలుంటాయి, మాది గోదావరి జిల్లా లెక్క. చూడండి, ప్రతిదీ ముందు దానికి రెట్టింపు. తూముకు 256 గిద్దలు. వంద గిద్దల బియ్యం కొలవాలంటే కుంచంతో ఒకసారి, అడ్డతో ఒకసారి, సోలతో ఒకసారి. అరవై నాలుగూ ముప్ఫై రెండూ నాలుగూ కలిస్తే వంద. ఏ కొలపాత్రనూ రెండోసారి ముంచక్కర్లేదు. వాడిన పాత్రకు 1, వాడని పాత్రకు 0 అని కుంచం నుంచి గిద్ద దాకా రాస్తే 1100100. కంప్యూటరు వందను రాసుకునేది సరిగ్గా ఇలాగే. ఇంజనీరింగులో చేరిన పిల్లలు ఇలా 0, 1 రెండే అంకెలతో రాసే ద్విసంఖ్యామానం (బైనరీ) అనగానే భయపడుతుంటే నాకు మా అమ్మమ్మ గుర్తొస్తుంది. ఆవిడకు సంతకం చేయడం రాదు. కొట్టుగదిలో గాదె ముందు నిలబడి ఏ పాత్ర తీయాలో క్షణం ఆగకుండా తీసేది.

ఇంకోటి చెప్పాలి. మా తాతయ్య రైసు మిల్లులో గుమాస్తా. ఆయన చిట్టా, ఆవర్జా పుస్తకాలు ఎర్రగుడ్డలో కట్టిన దస్తరం ఇప్పుడు నా దగ్గరే ఉంది. రూపాయల అంకె తర్వాత కొన్ని నిలువు గీతలు, వాటి పక్కన కొన్ని అడ్డగీతలు ఉంటాయి. చిన్నప్పుడు అవి ఏవో టిక్కు గుర్తులనుకునేదాన్ని. ఒకరోజు తాతయ్య పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. నిలువు గీత ఒక్కోటి పాతిక, అంటే నాలుగో వంతు. అడ్డగీత ఒక్కోటి వీసం, అంటే పదహారో వంతు. రూపాయికి పదహారణాలు కాబట్టి వీసం అంటే అణా. రెండు నిలువు గీతలు, మూడు అడ్డగీతలు ఉంటే పదకొండణాలు. ఏ స్థానంలోనూ మూడు గీతలు దాటవు, నాలుగైతే ముందు స్థానానికి పోతాయి. పదికి బదులు నాలుగుతో నడిచే స్థానవిలువ అది. అడ్డగీతల తర్వాత మళ్ళీ నిలువు గీతలు వస్తే అరవై నాలుగో వంతు, కాణీ.

మరి రూపాయి మూడణాలు ఎలా రాయాలి? పాతికల స్థానంలో ఏమీ లేదు. అక్కడ పెట్టే గుర్తు పేరు హళ్ళి. రూపాయి ఎనిమిదణాలైతే రెండు నిలువు గీతలు పెట్టాక వీసాల స్థానం ఖాళీ. అక్కడ పెట్టేది సున్న. నిలువు గీతల చోట ఖాళీకి హళ్ళి, అడ్డగీతల చోట ఖాళీకి సున్న. "హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న" అని మనం రోజూ అనే మాట ఈ లెక్కల పుస్తకంలోదే. ఏమీ మిగల్లేదని చెప్పడానికి ఇప్పుడు వాడుతున్నాం కానీ, ఆ రెండూ రెండు వేరు గుర్తులని తెలిసినవాళ్ళు తగ్గిపోయారు. తాతయ్య ఆ మాట చెబుతూ హళ్ళిని వేలితో చూపించిన పేజీ దస్తరంలో ఎక్కడుందో కళ్ళు మూసుకుని తీయగలను.

ఈ పద్ధతికి దాని బలం ఉంది, దాని ఇబ్బందీ ఉంది. పదహారో వంతును మనం ఇప్పుడు 0.0625 అని రాస్తాం, తాతయ్యకు ఒక్క అడ్డగీత చాలు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు అన్నాక అణా విలువ ఆరుంపావు పైసలైంది. ఒక అణాకు ఆరు, మూడణాలకు పంతొమ్మిది అని సర్దుబాటు చేసుకోవాల్సి వచ్చింది. తాతయ్య కొన్నాళ్ళు రెండు పద్ధతుల్లోనూ రాసుకున్నారు. అలాగని పాతదే గొప్పదని నేననను. రూపాయిలో ఐదో వంతు ఇవాళ ఇరవై పైసలు, చక్కగా తెగిపోతుంది. దాన్ని గీతల్లో రాయబోతే హళ్ళి, మూడు అడ్డగీతలు, మళ్ళీ హళ్ళి, మళ్ళీ మూడు అడ్డగీతలు, అలా పోతూనే ఉంటుంది. ఐదు నాలుగుకు చుట్టం కాదు, పదికి చుట్టం. మూడో వంతుకు ఈ రెండు పద్ధతుల్లోనూ అంతు లేదు. పన్నెండేసి కుప్పలు పెడితే మాత్రం ఒకే ఒక్క అంకెతో, నాలుగుతో తెగిపోతుంది.

మీకు నా మనవి ఇది. పిల్లల పేజీలో తొమ్మిది గురించి వేసినట్టే ఎనిమిదేసి కుప్పల్లో ఏడు గురించి కూడా వేయండి. చింతపిక్కలు లేకపోతే అగ్గిపుల్లలైనా చాలు, ఏ ఇంట్లోనైనా చేసి చూసుకోవచ్చు. గిద్ద నుంచి తూము దాకా కొలతలు ఒక వారం వేయండి. ఇంకో వారం మన భిన్నాల గీతలు వేయండి. ఒకటి, రెండు, మూడు నిలువు గీతలు, అలాగే అడ్డగీతలు, హళ్ళితో కలిపి ఆ ఏడు గుర్తులకూ 2008లో, కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో చోటు దొరికింది కాబట్టి మీ కంప్యూటర్లలో అచ్చు వేయడానికి ఇబ్బంది ఉండదనుకుంటాను. ఏది వేసినా సరే, తొమ్మిదికి మహిమ ఉందన్న వాక్యాన్ని మాత్రం సరిచేయండి. అది చదివి నమ్మే వయసు పిల్లలే ఆ పేజీ చదువుతారు.

రూపాయి మూడణాల పద్దు ఉన్న పేజీని ఫోటో తీయించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పైనుంచి ఐదో వరుసలో హళ్ళి స్పష్టంగా కనిపిస్తుంది. అసలు పుస్తకం అంచులు ముట్టుకుంటే రాలిపోతున్నాయి, పోస్టులో పంపే ధైర్యం చేయలేదు. మీ వాళ్ళెవరైనా ఇటు వస్తే ఇంటికి రమ్మనండి, దస్తరం విప్పి చూపిస్తాను.

ఇట్లు,
విశ్రాంత గణితోపాధ్యాయిని,
తణుకు